రెండు తాళాల బీరువా

చదరంగం క్లబ్బు, మేడ మీద గది
ఫిబ్రవరి 9

బావమరిదికి,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. ఎండలో మట్టి తవ్వుకునేవాళ్ళ దగ్గరికి జబ్బులు కూడా రావు. ఇక్కడ అందరం కులాసా, దుకాణంలో రిపేరుకొచ్చిన గడియారాలు తప్ప.

విషయానికొస్తాను. మా క్లబ్బు చాంపియన్‌షిప్పు ఈసారి ఇరవై ఐదోది. ఆ సందర్భంగా ఒక సంచిక వేస్తున్నాం. అందులో 'ప్రాచీన కాలంలో పలక ఆటలు' అనే వ్యాసం సెక్రటరీయే రాయాలని కమిటీ తీర్మానించింది. కమిటీలో ముగ్గురం. మిగతా ఇద్దరూ ఆ రోజు రాలేదు. నువ్వు నాలుగు వేల ఏళ్ల నాటి కుండ పెంకులకు బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తున్నావు కాబట్టి, చదరంగం ఎలా పుట్టింది, దానికి ముందు జనం ఏం ఆడుకునేవాళ్ళు, వివరంగా రాసి పంపు. ఫోన్ మాత్రం చెయ్యకు. నీకు సిగ్నల్ దొరకాలంటే గుట్ట ఎక్కాలి, ఎక్కాక నీకు ఆయాసం తప్ప మాట రాదు. పైగా ఉత్తరమైతే ఫైల్లో పెట్టుకోవచ్చు.

ఇంకో వార్త. మీ అక్క ఫైనల్‌కు వచ్చింది. ఎదుట పళ్ళ డాక్టరు. ఆయన మా క్లబ్బు ప్రెసిడెంటు, ఏడుసార్లు చాంపియను. మీ అక్క పగలంతా ల్యాబులో సూక్ష్మదర్శినిలో తల దూర్చి, సాయంత్రం వచ్చి ఇంతింత వాళ్ళను ఓడించిందని అందరూ ముక్కున వేలేసుకుంటున్నారు. ఆమెకు ఆట నేర్పింది నేనే. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అదే చెప్తున్నాను.

ఫైనల్‌కు రిఫరీని కూడా నేనే. సొంత భార్య ఆటకు నువ్వెలా రిఫరీ అవుతావని ఒక్కరూ అడగలేదు. ఇరవై రెండేళ్ల సెక్రటరీగిరీలో నేను సంపాదించుకున్నది ఆ నమ్మకమే.

మీ బావ


తవ్వకాల శిబిరం, బొమ్మల గుడారం
ఫిబ్రవరి 17

బావగారికి,

మీ ఉత్తరం మా డైరెక్టరమ్మకు చదివి వినిపించాను. ఆవిడ పారతో మట్టి గీకడం ఆపకుండానే విన్నది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, మీరు మీ మాటల్లో పెద్దది చేసుకోండి.

చదరంగం మొదట చతురంగం. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, నాలుగు దళాల ఆట. అప్పటి మంత్రి మూలగా ఒక్క గడే కదిలేవాడు. ఆట ఊళ్ళు దాటి దేశాలు దాటి తిరిగాక గానీ అతనికి ఇంత బలం రాలేదు. చదరంగానికి వేల ఏళ్ల ముందే గళ్ల పలకలు, పాచికలు ఉన్నాయి. పాత సమాధుల్లో దొరుకుతూనే ఉంటాయి. నియమాలు మాత్రం చాలావాటికి దొరకవు. ఆడినవాళ్ళకు అవి నోటికొచ్చు, రాసి పెట్టుకోవాల్సిన పని లేదు.

పోయిన వారం మాకూ ఒకటి దొరికింది. ఇద్దరు పట్టేంత గది, కాపలావాళ్ళదేమో. నేలలో ఒక బండ. దాని మీద నాలుగు వరుసలు, వరుసకు ఏడు గళ్లు. పక్కన తెల్ల గులకరాళ్లు ఆరు, నల్లవి అయిదు. ఆరో నల్లరాయి గది బయట పన్నెండు అడుగుల దూరంలో ఉంది. మా శిబిరం రెండుగా చీలిపోయింది. ఇది ఏదో క్రతువుకు సంబంధించిన వస్తువు అని ఒక వర్గం. ఏమిటో తెలియని ప్రతిదానికీ మేము పెట్టే పేరు అది. ఓడిపోయినవాడు విసిరికొట్టాడు అని డైరెక్టరమ్మ. నేను ఏ వర్గమూ కాదు, ఏ రాయి ఎక్కడుంటే అక్కడ గీస్తాను.

డైరెక్టరమ్మ ఇంకో మాట అన్నది. మనుషులు ముందు కనిపెట్టింది గళ్లూ కాదు, పావులూ కాదట. ఎదుటివాడి వంతు అయ్యేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమట. అది తవ్వితే దొరకదు అంటుంది.

అక్క గెలవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మీరు రిఫరీ కాబట్టి ఏమీ కోరుకోకూడదు. పాపం.

మీ బావమరిది


తవ్వకాల శిబిరం
మార్చి 7

బావగారికి,

మీ కవరు అందింది. పైన నా చిరునామా మీ చేతిరాతే. విప్పితే లోపల అగ్గిపెట్టె అంత కాగితం, దాని మీద ఒక్క ముక్క. అది కూడా అక్క రాత.

మీరు ఏనాడూ మూడు పేజీలకు తగ్గలేదు. అందుకని కాగితం వెనక్కి తిప్పాను. కవరు దులిపాను. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూశాను. డైరెక్టరమ్మ భూతద్దం తెచ్చింది. ఆవిడకూ అదే ముక్క కనిపించింది.

చూడగా చూడగా అది చదరంగం ఎత్తులా ఉంది. ఆట మధ్యలో ఆపాల్సి వస్తే, ఎవరి వంతు అయితే వాళ్ళు తమ తర్వాతి ఎత్తు కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించాలని, మళ్ళీ ఆట మొదలైనప్పుడే దాన్ని విప్పాలని మీరు ఒకసారి నాకు రెండు గంటలు చెప్పారు. ఇది అదే కవరు అయితే, మీరు నాకు రాసిన ఉత్తరం ఇప్పుడు ఎక్కడుంది?

ఆ ఎత్తేమిటో ఇక్కడ రాయడం లేదు. రిఫరీ చదవకూడనిదేమోనని అనుమానం.

మీ బావమరిది


గడియారాల దుకాణం, వెనక బల్ల
మార్చి 12

బావమరిదీ,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి స్టూలు మీద ముగించాను. ఒక గడియారం తిరగేసి బిగించి ఇచ్చేశాను, ఆయన ఇంకా వెనక్కి తేలేదు.

జరిగింది ఇది. మార్చి ఒకటిన ఫైనల్ అయిదు గంటలు నడిచింది. హాలు ఖాళీ చేయాల్సిన వేళకు మీ అక్క వంతు వచ్చింది. నలభై నిమిషాలు ఆలోచించి ఎత్తు రాసి, క్లబ్బు గోధుమరంగు కవరులో పెట్టి అంటించి నాకిచ్చింది. అదే బల్ల మీద, ఆమె ఆలోచిస్తుండగా నేను నీకు రాసి ముగించిన ఉత్తరం, అదే రంగు కవరులో, అంటించి ఉంది. ఒక కవరు మీద 'ఫైనల్, ఆగిన ఆట' అని రాయాలి. రెండోదాని మీద నీ చిరునామా రాయాలి. రెండూ రాశాను. కవర్లే తారుమారయ్యాయి.

కవరు అంచు మీద ఆటగాళ్ళ సంతకం ఉండాలని పళ్ళ డాక్టరు పదేళ్ల క్రితమే ప్రతిపాదించాడు. నా మీద నమ్మకం లేదా అని మండిపడి నేనే కొట్టిపారేశాను.

నీ ఉత్తరం ఇప్పుడు క్లబ్బు ఇనప బీరువాలో ఉంది. ఆ బీరువాకు రెండు తాళాలు. ఒక తాళంచెవి సెక్రటరీ దగ్గర, రెండోది ప్రెసిడెంటు దగ్గర. ప్రెసిడెంటు అంటే మీ అక్కకు ఎదుట ఆడుతున్నవాడే. మిగతా ఆట ఏప్రిల్ అయిదు, ఆదివారం. ఆ రోజు అందరి ముందు బీరువా తెరుస్తాం, కవరులో ఉన్నది ప్రెసిడెంటు పైకి చదువుతాడు. మా క్లబ్బు ఆనవాయితీ అది. కాబట్టి ఆయన మీ అక్క ఎత్తు బదులు నా ఉత్తరం చదువుతాడు. మొదటి రెండు పేజీల్లో హాలు వెల్ల గురించి, సంచిక గురించి ఉంది. మూడో పేజీ మీ అక్క గురించి. అందులో ఏముందో ఇప్పుడు రాయలేను.

అంతటితో పోదు. పధ్నాలుగో నియమం ప్రకారం, కవరు పోయినా, ముందే ఎవరైనా తెరిచినా, ఎత్తు రాసినవాళ్ళు ఓడిపోయినట్టే. కట్టుదిట్టంగా ఉండాలని నేనే రాశాను. పదకొండో నియమం ప్రకారం ఆగిన ఆట గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. అందుకని ఇంట్లో చదరంగం మాటే లేదు. పదకొండు రోజులుగా మేమిద్దరం కుళాయి కారడం గురించి మాట్లాడుకుంటున్నాం.

దీంతో పాటు ఖాళీ క్లబ్బు కవరు పంపుతున్నాను. ఆ కాగితాన్ని ఇందులో పెట్టి శుభ్రంగా అంటించి రిజిస్టరు పోస్టులో పంపు. ఏదో ఒక వంక పెట్టి బీరువా తెరిపించి మార్చేస్తాను. ఇది మోసం కాదు, ఉండాల్సినదాన్ని ఉండాల్సిన చోట పెట్టడం. ఈ వాక్యం నాలుగు రకాలుగా రాసి చూశాను. నాలుగుసార్లూ మోసంలాగే ఉంది.

ఆమె రాసింది ఏనుగు ఎత్తే అని నాకు తెలుసు. ఏనుగు జరిపితే గెలుపు ఖాయం. మా క్లబ్బులో అంత దూరం చూడగల బుర్ర మీ అక్కది ఒక్కదానిదే. నువ్వు అవుననకు, కాదనకు.

మీ బావ


తవ్వకాల శిబిరం, బొమ్మల గుడారం
మార్చి 18

బావగారికి,

అవుననను, కాదనను. ఆ సంగతి మళ్ళీ ఎత్తకండి, మీకు దణ్ణం పెడతాను.

కవరు ఇందులోనే ఉంది. పెంకులు అతికించే జిగురుతో అంటించాను. ముందు ఇంకో కవరు మీద ప్రయోగం చేసి డైరెక్టరమ్మ చేతిలో పెట్టాను. పగిలిన కుండను ఎవరు ఎన్నిసార్లు అతికారో చెప్పగల మనిషి. తిప్పి తిప్పి చూసి, బాగుంది, ఏమిటిది అని అడిగింది. కవరు అన్నాను. మీ బావగారి పనా అని అడిగింది. నేను పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను.

బండ గురించి కొత్త సంగతి ఒకటి తెలిసింది, మీ వ్యాసానికి పనికొస్తుంది. మూల గడిని ఆనుకుని ఇంకో గడి గీసి, తర్వాత దాన్ని రాయితో రుద్ది చెరిపేశారు. ఏటవాలు ఎండలో మాత్రమే కనిపిస్తుంది. నాలుగు వేల ఏళ్ల కిందట ఒకడు తనకు అనుకూలంగా గడి పెంచుకోబోయాడు, రెండోవాడు ఒప్పుకోలేదు అని డైరెక్టరమ్మ అంటుంది. లేదు, గీసినవాడికే సిగ్గేసి చెరిపేశాడు అని నేనంటాను. ఎవరం రుజువు చెయ్యలేం. నా బొమ్మలో మాత్రం చెరిపిన గీతను కూడా గీశాను. ఇది మీకు సంచిక కోసమే చెప్తున్నాను.

మీరు అక్కకు ముందే చెప్పేయడం మేలు. మూడో పేజీలో ఏముందో నాకు తెలియదు. అక్కను నేను మీకంటే పద్దెనిమిదేళ్ళు ముందు నుంచి చూస్తున్నాను. తిట్టేది ఏదో ఆ రోజే తిట్టేస్తుంది. దాచితే మాత్రం మాట్లాడటం మానేస్తుంది. చిన్నప్పుడు నాతో రెండు నెలలు మానేసింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు.

మీ బావమరిది


గడియారాల దుకాణం, వెనక బల్ల
ఏప్రిల్ 2

బావమరిదీ,

కవరు అందింది. నిజంగానే ఎక్కడా అనుమానం రాదు. నువ్వు ఈ దారిలో స్థిరపడనందుకు సంతోషం.

మొన్న బీరువాకు చెదలు పట్టాయేమోనని ప్రెసిడెంటుకు చెప్పాను. ఇనప బీరువాకు. పళ్ళ డాక్టరు ఒక్క క్షణం నా మొహం చూసి, సరే పదండి అని తాళంచెవి తీసుకుని వచ్చాడు. నా తాళం నేను తీశాను, ఆయన తాళం ఆయన తీశాడు. తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. "కవరు నా కంట పడితే బాగుండదు. మీరు నిదానంగా చూసుకోండి" అన్నాడు.

కొత్త కవరు నా చొక్కా లోపల ఉంది. చెయ్యి చాపి, ఒకటి తీసి ఒకటి పెడితే అయిపోయేది. ఆయన రోడ్డు మీద బస్సులు చూస్తున్నాడు. నేను ఆయన వీపు చూస్తున్నాను. కాలరు ఒక పక్క లోపలికి మడత పడి ఉంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా చెయ్యి లేవలేదు.

"చెదలు లేవు" అన్నాను. "మంచిది" అని తాళం వేశాడు.

కాబట్టి ఆదివారం బీరువా తెరవకముందే అందరి ముందు చెప్పేస్తాను. పధ్నాలుగో నియమం మీ అక్క మెడకు చుట్టుకుంటుంది. నా తప్పుకు ఆమె చాంపియన్‌షిప్పు పోతుంది.

మూడో పేజీ నీకు రాసినదే కాబట్టి నీకు చెప్పడంలో తప్పు లేదు. ఆడినన్నాళ్ళూ నేను సెమీఫైనల్ దాటలేదు. ఆడటం మానేసి సెక్రటరీ అయ్యాను. నియమాలు రాసేవాణ్ణి ఎవరూ ఓడించలేరు కదా. ఆ రోజు నలభై నిమిషాలు మీ అక్క బల్ల మీదికి వంగి ఉంటే, ఆమె చూపు ఎటు పోతోందో చూస్తూ చూస్తూ ఉండగా నాకూ ఆ ఏనుగు ఎత్తు తట్టింది. ఆమె అంత తీక్షణంగా చూడబట్టి తట్టింది, లేకపోతే నా మొహానికి ఎలా తడుతుంది. ఈమె గెలుస్తోంది అని అర్థమైంది. సంతోషం రావాలి. రాలేదు. ఓడిపోతే బాగుండు అనిపించింది. రిఫరీ కుర్చీలో కూర్చుని కట్టుకున్న భార్య ఓడిపోవాలని కోరుకున్నాను. ఆమె నాకంటే ఎంతో పై మెట్టు మీద ఉంది, అది నేను ఓర్చుకోలేకపోతున్నాను అని రాశాను. నీకైతే నవ్వుకుని ఊరుకుంటావని రాశాను.

శనివారం ఆమెకు చెప్తాను. చెప్పాలనే ఉంది.

మీ బావ


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 8

తమ్ముడూ,

ఈసారి నేను రాస్తున్నాను. మీ ఇద్దరి ఉత్తరాలూ, తను రాసినవాటి నకళ్ళతో సహా, ఆయనే తెచ్చి నా ముందు పెట్టారు. ఫైలు చేసి, వరుస నంబర్లు వేసి ఉన్నాయి. నీ జిగురు సంగతి కూడా చదివాను. దాని గురించి నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

శనివారం ఆయన రెండుసార్లు వంటింట్లోకి వచ్చి "ఒక మాట" అన్నారు. రెండుసార్లూ కుళాయి వాషరు గురించి చెప్పి వెళ్ళిపోయారు.

ఆదివారం పద్దెనిమిది మంది వచ్చారు. పళ్ళ డాక్టరు తాళంచెవి తీయగానే మీ బావ లేచి నిలబడి, బీరువాలో ఉన్నది తన సొంత ఉత్తరమని, నా ఎత్తు నీ దగ్గరికి వెళ్ళి వచ్చిందని, మధ్యలో మార్చేద్దామని కూడా చూశారని చెప్పారు. ఒక్క మాట దాచలేదు. పళ్ళ డాక్టరు అంతా విని "అయితే చెదలు నిజంగానే లేవన్నమాట" అన్నాడు. తర్వాత, ఇలాంటి గెలుపు తనకు వద్దని, ఆ కొత్త కవరు విప్పి ఆడదామని అన్నాడు. అందరూ చేతులెత్తారు.

నేను ఒప్పుకోలేదు. నియమం నియమమే, నేను ఓడిపోయినట్టే అన్నాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. పళ్ళ డాక్టరు లేచి నాకు నమస్కారం పెట్టాడు. ఇంత గొప్పగా ఓడిపోయినవాళ్ళను ఇరవై ఐదేళ్లలో చూడలేదట.

నీకు నిజం తెలుసు, ఆ కాగితం నువ్వు చూశావు కాబట్టి. నేను రాసింది గుర్రం. ఆ రోజు క్లబ్బు మెట్లు దిగుతుండగానే అది తప్పని తెలిసిపోయింది. ఆరు ఎత్తుల్లో చిత్తుగా ఓడిపోతాను. నెలంతా మింగలేక కక్కలేక తిరిగాను. ల్యాబులో ఒకే స్లైడు రెండుసార్లు చూస్తున్నాను. ఇంట్లో ఈయన నన్ను చూసి తల దించుకుంటుంటే, నా తప్పు కనిపెట్టేశారని అనుకున్నాను. అలాంటప్పుడు పధ్నాలుగో నియమం నా పాలిట దేవుడిలా వచ్చింది. నియమం పట్ల నాకున్న గౌరవం అంతే.

తర్వాత బీరువా తెరిచి పళ్ళ డాక్టరు ఆ ఉత్తరం మీ బావకు ఇవ్వబోయాడు. నేను చెయ్యి చాపాను. ఆయన అడ్డు చెప్పలేదు, నేల చూస్తూ కూర్చున్నారు. అక్కడే నిలబడి మూడు పేజీలూ చదివాను. పద్దెనిమిది మందీ నేను చదవడం చూశారు. చదివి, మడిచి, సంచిలో పెట్టుకుని, ఇంటికి పోదామా అన్నాను.

కోపం వచ్చింది, అబద్ధమెందుకు. నేను ఓడిపోవాలని కోరుకున్నారని చదివినప్పుడు ఒళ్ళు మండింది. కానీ ఆ పక్క పేరా దగ్గర ఆగిపోయాను. ఏనుగును ఏ గడిలోకి జరపాలో, దానికి పళ్ళ డాక్టరు ఏం చేస్తాడో, చివరికి ఆట ఎలా కడుతుందో మొత్తం రాశారు. రాసి, ఇదంతా చూసింది మీ అక్క అని రాశారు. నలభై నిమిషాలు వంగి కూర్చున్నాను గానీ తమ్ముడూ, నా కళ్ళు ఆ ఏనుగు దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నేను గుర్రాన్నే చూస్తున్నాను. ఆ ఎత్తు ఆయనదే.

రెండు రోజులు ఏమీ అనలేదు. ఆయన నా టైటిలు పోగొట్టానని నాలుగు గిన్నెలు ఎక్కువ తోమారు, కుళాయి బాగుచేశారు. నిన్న సాయంత్రం బల్ల మీద ఆగిన ఆట పేర్చి, ఆయన్ని నా వైపు కూర్చోబెట్టి, నేను పళ్ళ డాక్టరు వైపు కూర్చున్నాను. ఆడండి అన్నాను. ఆలోచించకుండా ఏనుగు జరిపారు. నేను ఎన్ని తిప్పలు పడినా పదకొండో ఎత్తుకు ఆట కట్టింది.

"చూశావా, ఇలా గెలిచేదానివి. నా చేతులారా చెడగొట్టాను" అన్నారు.

"నేను రాసింది గుర్రం" అన్నాను.

"గుర్రమా?"

"గుర్రమే. ఏనుగు నాకు కనపడలేదు. అది మీరు చూసిన ఎత్తు."

ముందు నమ్మలేదు. గుర్రం జరిపి చూసుకున్నారు, వెనక్కి పెట్టారు, మళ్ళీ ఏనుగు జరిపారు. అప్పుడు ఆయన మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్లలో అది నేను చూడలేదు. ఎదురుగా ఓడిపోయిన మనిషిని నేను కూర్చున్నానని గుర్తొచ్చి దాన్ని దాచుకోబోయారు, చేతకాలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషమా, కుళ్ళా అని అడిగితే రెండూ అని చెప్తాను.

ఈ పొద్దున ఆయన సెక్రటరీ పదవికి రాజీనామా రాసి, వచ్చే ఏడు పోటీకి ఆటగాడిగా పేరిచ్చారు. నేనూ ఇచ్చాను. మేమిద్దరం తలపడితే మీరు ఓడిపోవాలని కోరుకుంటాను అని ఆయన మొహం మీదే చెప్పాను. సరే అని టీ పెట్టడానికి లేచారు.

నీ అక్క